పచ్చ తీగ

బ్రెజిల్ వెళ్ళొచ్చిన ఇంగ్లీషువాళ్ళూ అమెరికన్లూ అక్కడి స్నానాలగది గురించి చెప్పుకునే జోకు ఒకటుంది. గోడలోంచి బయటికొచ్చిన వైర్లు తిన్నగా షవర్ తలలోకి దూరి ఉంటాయి, కింద మనిషి తడిసి నిలబడి ఉంటాడు. దానికి వాళ్ళు పెట్టిన పేరు సూయిసైడ్ షవర్. నీళ్ళనీ కరెంటునీ ఒకచోట చేర్చకూడదని చిన్నప్పుడే మొట్టికాయలు వేసి మరీ నేర్పించారు మనకి. ఇక్కడేమో రెండూ కలిసే నెత్తిన పడుతున్నాయి. అయినా ఆ దేశంలో సగానికి పైగా ఇళ్ళు రోజూ ఈ షవర్ కిందే స్నానం చేస్తున్నాయి, అదీ కొన్ని తరాలుగా. అంత ప్రమాదమైతే ఇన్నాళ్ళు ఎలా నిలబడింది? ప్రమాదమే లేకపోతే ఆ పేరెందుకు వచ్చింది? ఈ రెండింటికీ జవాబు షవర్‌లో కన్నా దాని వెనక గోడలోనే ఎక్కువ ఉందని నాకనిపిస్తుంది.

పోర్చుగీసులో దీని పేరు షువేరో. షువ అంటే వాన. కరెంటు షవర్ పుట్టిందని అక్కడివాళ్ళు చెప్పుకునే ఊరు సావో పాలో రాష్ట్రంలోని జావూ, కాఫీ తోటల మధ్య ఉన్న చిన్న పట్నం. చేసినవాడిగా ఫ్రాన్సిస్కో కాన్యోస్ పేరు చెబుతారు, కాలం 1930ల ప్రాంతం. నాకు ఆసక్తి కలిగించేది మనిషి కన్నా ఆ ఊరు. ఇలాంటి వస్తువు పారిస్‌లోనో చికాగోలోనో కాకుండా కాఫీ గింజలు ఎండబెట్టుకునే చోట ఎందుకు పుట్టింది?

ఐరోపాలో బొగ్గు ఉంది, బొగ్గు నుంచి తీసిన గ్యాసు ఉంది, ఆ గ్యాసు గొట్టాలు వీధివీధికీ వెళ్ళాయి. కరెంటు వచ్చేటప్పటికే స్నానాలగదిలో గ్యాసు బాయిలర్ కూర్చుని ఉంది. సావో పాలో నగరంలోనూ 1872లో గ్యాసు దీపాలు వెలిగాయి కానీ ఆ గొట్టాలు నగరం దాటి లోపలి ఊళ్ళకి పోలేదు. నీళ్ళు మాత్రం ఎత్తు నుంచి కావలసినన్ని పడుతున్నాయి. 1899లో కెనడాలోని టొరాంటోలో పెట్టిన ఒక కంపెనీ, జనం నోట్లో ఉత్త 'లైట్' అయిపోయిన కంపెనీ, రెండేళ్ళకే తియెతె నది మీద జలవిద్యుత్ కేంద్రం కట్టింది. 1926లో కుబటావ్ దగ్గర, పీఠభూమి అంచు నుంచి సముద్రం వైపు సుమారు 720 మీటర్ల ఎత్తు నుంచి నీళ్ళని కిందికి దూకించి ఇంకో కేంద్రం నడిపింది. లోపలి పట్నాలకీ వాటి వాటి చిన్న నదుల మీద చిన్న చిన్న కంపెనీలు కరెంటు ఇచ్చాయి. అంటే జావూ లాంటి ఊరికి గ్యాసు రాకముందే కరెంటు వచ్చింది. వేన్నీళ్ళు కావాలంటే కట్టెల పొయ్యి, లేదంటే ఈ తీగ.

అదీకాక ఇళ్ళలో ఉన్నది ఒక్కటే గొట్టం, చన్నీళ్ళది. వేన్నీళ్ళకి వేరే గొట్టం, వేరే ట్యాంకు, వాటికి చలి తగలకుండా చుట్టూ దూది, ఇదంతా డబ్బున్నవాళ్ళ సంగతి. గొట్టం చివర, నీళ్ళు మీద పడే ఆఖరి అరచేతి వెడల్పు చోటులో వేడి చేస్తే అవేవీ అక్కర్లేదు. ఇది నిజంగా తెలివైన ఆలోచన. ట్యాంకులో నీళ్ళు రాత్రంతా చల్లారిపోవడం ఉండదు, వేడి నీళ్ళు వచ్చేదాకా చన్నీళ్ళు వదిలేసుకోవడం ఉండదు. జోకు వేసేవాళ్ళు దీన్ని పట్టించుకోరు.

లోపల ఏముంటుందో చెప్పాలి. చాలా వాటిల్లో ఉండేది నిక్కెల్, క్రోమియం కలిపిన తీగ, స్ప్రింగులా చుట్టింది. పైన తొడుగేమీ లేదు, నీళ్ళు దాన్ని రాసుకుంటూ పోతాయి. మొదట్లో ఒక మీట ఉండేది. ముందు నీళ్ళు వదలాలి, తరవాత మీట వేయాలి, ఆపేటప్పుడు ముందు మీట తీయాలి. తడి చేత్తో ఆ మీటని పట్టుకున్నవాళ్ళు ఎన్ని తిట్లు తిట్టుకున్నారో. శతాబ్దం నడిమికి వచ్చేసరికి ఈ మీట పని నీళ్ళకే అప్పగించారు. లోపల ఒక రబ్బరు పొర ఉంటుంది. కుళాయి తిప్పగానే నీటి ఒత్తిడికి అది ఉబ్బి రాగి కాంటాక్టులని కలుపుతుంది, కుళాయి కట్టగానే వెనక్కి తగ్గి విడదీస్తుంది. సావో పాలోలో 1923లో ఒక ఇటాలియన్ కుటుంబం పెట్టిన లోరెంజెట్టి కంపెనీ ఈ ఆటోమేటిక్ రకంతోనే ఇంటింటి పేరయింది. నీళ్ళు లేకుండా తీగ ఎర్రగా కాలి తెగిపోయే బాధ దీంతో చాలావరకు పోయింది. కొత్త షవర్ బిగించాక ముందు మెయిన్ ఆపి కాసేపు చన్నీళ్ళు పారించాలని డబ్బా మీద ఇప్పటికీ రాసి ఉంటుంది. లోపల గాలి మిగిలి ఉంటే మొదటి నిమిషంలోనే తీగ పోతుంది.

ఇంకో చిన్న విషయం, నాకు చాలా ఇష్టమైనది. షవర్ మీద ఒక స్విచ్చి ఉంటుంది, ఒక వైపు వేసవి, ఇంకో వైపు శీతాకాలం. శీతాకాలం వైపు తిప్పితే తీగ పొడుగు పెరుగుతుందనుకుంటాం. తగ్గుతుంది! వోల్టేజీ మారదు కాబట్టి తీగ పొట్టిదైతే నిరోధం తగ్గి కరెంటు ఎక్కువ పారుతుంది, వేడి పెరుగుతుంది. 5500 వాట్ల షవర్ 220 వోల్టుల మీద 25 ఆంపియర్లు లాగుతుంది. నిమిషానికి మూడు లీటర్లు పారితే ఆ వేడి నీళ్ళని సుమారు 26 డిగ్రీలు పెంచుతుంది, అంటే 16 డిగ్రీల నీళ్ళు 42 అవుతాయి. అయిదు లీటర్లు వదిలితే పెరిగేది 16 డిగ్రీలే. అందుకే అక్కడ వేడి తగ్గాలంటే కుళాయి ఎక్కువ తిప్పుతారు. స్నానం చేస్తూ ఆ స్విచ్చి తిప్పొద్దని ప్రతి కంపెనీ గట్టిగా చెబుతుంది. పాతిక ఆంపియర్లు పారుతుండగా కాంటాక్టు విడదీస్తే లోపల మెరుపు పుడుతుంది, ఆ మెరుపుకీ తడి వేళ్ళకీ మధ్య ఉన్నది కాస్తంత ప్లాస్టిక్కు.

మన ఇళ్ళలో గీజరు మామూలుగా 2000 వాట్లు, తొమ్మిది ఆంపియర్ల లోపు. అందుకే మన గీజర్లు పెద్ద సాకెట్టుకి పెట్టుకుంటే సరిపోతుంది. షువేరో అలా కుదరదు. ప్లగ్గు పెట్టకూడదని అక్కడి నియమం, వైరుని తిన్నగా పింగాణీ కనెక్టర్‌తో బిగించాలి. 220 అయితే కనీసం 4 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, బోర్డు నుంచి ఇంకే స్విచ్చికీ పోకుండా షవర్ ఒక్కదానికే. 127 వోల్టుల ఇల్లయితే అదే వేడికి 43 ఆంపియర్లు కావాలి, వైరు 10 చదరపు మిల్లీమీటర్లది వేయాలి. ఒకే దేశంలో రెండు వోల్టేజీలు ఉండటం ఇంకో చిక్కు. 127 కోసం చేసిన షవర్‌ని 220కి కలిపితే మూడు రెట్లు వేడి పుట్టి అక్కడికక్కడే మాడిపోతుంది.

దీనికన్నా కనపడని చిక్కు ఒకటుంది. సావో పాలో వైపు చాలా ఇళ్ళకి వచ్చే 220 అంటే ఒక ఫేజు, ఒక న్యూట్రల్ కాదు. 127 వోల్టుల ఫేజులు రెండు. అంటే షవర్‌కి వెళ్ళే రెండు వైర్లలోనూ కరెంటు ఉంటుంది. ఒక్క వైరుని మాత్రం తెంచే బ్రేకర్ పెట్టి, ఆపేశాను కదా అని షవర్ విప్పిన మనిషికి రెండో వైరు తగులుతుంది. రెండూ ఒకేసారి విడిపోయే జంట బ్రేకర్ ఉండాలి. మన హైదరాబాద్‌లో నేర్చుకున్న పని అక్కడికి అలాగే పట్టుకెళితే కొంప మునుగుతుంది.

ఇప్పుడు అసలు ప్రశ్న. తొడుగు లేని తీగని తాకిన నీళ్ళు మీద పడుతుంటే షాక్ ఎందుకు కొట్టదు? కుళాయి నీళ్ళు కరెంటుని మోస్తాయి కానీ రాగిలా కాదు, చాలా పేదగా. సన్నటి రంధ్రాల్లోంచి చినుకులుగా విడిపోయి పడేటప్పుడు ఆ దారి ఇంకా తెగిపోతుంది. కాబట్టి కిందికి వచ్చేది చాలా తక్కువ. కానీ సున్నా కాదు. ఈ మిగిలిన కాస్త కరెంటు కోసమే షవర్‌కి మూడో వైరు ఇచ్చారు. ఆకుపచ్చది, ఎర్త్ వైరు. దాని కొస లోపల నీళ్ళలోనే ఉంటుంది. తీగ నుంచి నీళ్ళలోకి జారిన కరెంటు మనిషి దాకా రాకముందే దాన్ని పట్టి భూమిలోకి పంపడం దాని పని.

ఆఫీసు పని మీద సావో పాలోలో కొన్ని నెలలు అద్దెకున్న ఇంట్లో కుళాయి పట్టుకున్నప్పుడల్లా వేళ్ళకి చీమలు కుట్టినట్టుండేది. బిల్డింగు చూసుకునే పెద్దాయనకి చెబితే, మామూలే, చెప్పులేసుకుని స్నానం చెయ్యి బాబూ అన్నాడు. నిచ్చెన తెప్పించి చూస్తే పచ్చ తీగ ఎక్కడికీ పోవటం లేదు. శుభ్రంగా చుట్ట చుట్టి, చివర టేపు వేసి, షవర్ వెనక దాచిపెట్టారు. గోడలో కలపడానికి ఎర్త్ లేదు మరి. ఆ బిల్డింగు కట్టినప్పుడు వేయలేదు. పనివాడు చేయగలిగింది టేపు వేయడమే, టేపు వేశాడు. అందులో అతని తప్పు ఎంత అని ఆ రోజు నుంచి ఆలోచిస్తున్నాను.

ఇలాంటి ఇళ్ళ కోసం జనం కనిపెట్టుకున్న దారులు రెండు. పాతకాలంలో ఇనప గొట్టాలు ఉండేవి, పచ్చ తీగని వాటికి చుట్టేసేవాళ్ళు. గొట్టం భూమిలోకి పోతుంది కాబట్టి ఏదో ఒకలా నడిచింది. తరవాత పీవీసీ గొట్టాలు వచ్చాయి. చుట్టే అలవాటు మిగిలింది, కింద భూమి మాత్రం లేదు. రెండో దారి ఇంకా పాడుది. స్నానాలగదిలోనే పచ్చ తీగని న్యూట్రల్‌కి కలిపేయడం. అన్నీ బాగున్నంతకాలం ఇది బ్రహ్మాండంగా పనిచేస్తుంది. ఎక్కడో వెనక న్యూట్రల్ ఊడిందనుకోండి, ఫేజు కరెంటు హీటర్ తీగలోంచి వచ్చి అదే పచ్చ తీగ మీదుగా నీళ్ళలోకీ, ఆ తీగ తగిలిన ప్రతి ఇనప ముక్కలోకీ దిగుతుంది. రక్షణ కోసం పెట్టిన తీగే మనిషి మీదికి కరెంటుని మోసుకొస్తుంది.

బ్రేకర్ పడిపోతుంది కదా అంటారు చాలామంది. పడదు. 32 ఆంపియర్ల బ్రేకర్ ఉన్నది వైరుని కాపాడటానికి, మనిషిని కాదు. మనిషికి ఎంత కరెంటు చాలో లెక్క కట్టినవాడు బర్కిలీలో ప్రొఫెసరుగా ఉన్న చార్లెస్ డాల్జియెల్. స్వచ్ఛందంగా వచ్చినవాళ్ళ చేతికి తీగ ఇచ్చి, కొద్దికొద్దిగా కరెంటు పెంచుతూ, ఎక్కడ వాళ్ళ వేళ్ళు బిగుసుకుపోయి తీగని వదల్లేకపోతారో కొలిచాడు. మగవాళ్ళ సగటు సుమారు 16 మిల్లీ ఆంపియర్లు, ఆడవాళ్ళది 10.5. అరవై వాట్ల బల్బులో పారే కరెంటులో పదహారో వంతు చాలు, చెయ్యి మన మాట వినదు. ఆ 32 ఆంపియర్ల బ్రేకర్ దృష్టిలో ఇది రెండు వేలలో ఒక వంతు. దానికి ఈ లెక్క కనపడను కూడా కనపడదు.

కనపడే యంత్రం వచ్చింది బంగారు గనుల నుంచి. దక్షిణాఫ్రికాలో హెన్రీ రూబిన్ అనే ఇంజనీరు 1955లో గనుల కోసం 250 మిల్లీ ఆంపియర్ల లీకేజీని పట్టే పరికరం చేశాడు. అంతకు ముందువి పది ఆంపియర్లు కారితే గానీ కదిలేవి కావు. మరుసటి ఏడాదికి 12.5 నుంచి 17.5 మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెంచే నమూనా తయారుచేశాడు. స్టిల్‌ఫోంటీన్ అనే గని ఊళ్ళో ఒకావిడ ఇంట్లో చెడిపోయిన కరెంటు సామాను తగిలి చనిపోయాక, 1957, 58ల్లో ఆ ఊరి ఇళ్ళలో కొన్ని వందలు బిగించారు. గనిలో కార్మికుడి కోసం మొదలైన పని ఇంట్లోకి అలా వచ్చింది, ఒక చావు వెనకాల. మనం ఆర్‌సీసీబీ అంటాం, బ్రెజిల్‌లో డీఆర్ అంటారు. సూత్రం కిరాణా కొట్టు చిట్టా అంత సులువు. షవర్‌కి వెళ్ళిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానంగా ఉండాలి. రెండు వైర్లూ ఒకే ఇనప వలయంలోంచి పోతాయి, లెక్క సరిపోయినంతసేపూ వలయంలో ఏమీ జరగదు. 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే, ఆ తేడా ఎక్కడికి పోయిందో అడక్కుండా రెప్పపాటులో తెంచేస్తుంది.

బ్రెజిల్ వైరింగు ప్రమాణం ఎన్‌బీఆర్ 5410, స్నానాలగది సర్క్యూట్లకి 30 మిల్లీ ఆంపియర్ల డీఆర్ ఉండాలని 1997 నుంచీ చెబుతోంది. 2006లో 11,337వ నంబరు చట్టం వచ్చి కొత్త కట్టడాలన్నిటికీ ఎర్త్ వైరు తప్పనిసరి చేసింది. కథ ఇక్కడ సుఖాంతం కావాలి. కాలేదు. తొడుగు లేని తీగ మామూలుగా పనిచేస్తున్నప్పుడే నీళ్ళలోకి కాస్త కరెంటు వదులుతుంది, దాన్ని పచ్చ తీగ బుద్ధిగా భూమిలోకి పంపుతుంది. డీఆర్‌కి ఇది లీకేజీ, ఎందుకంటే అది లీకేజీయే. షవర్ వేయగానే ఇంట్లో కరెంటు పోతుంది. తలకి సబ్బు రాసుకున్న మనిషి చీకట్లో నిలబడి ఎలక్ట్రీషియన్‌ని పిలుస్తాడు. ఎలక్ట్రీషియన్ రెండిట్లో ఒకటి పీకుతాడు. డీఆర్ అన్నా, పచ్చ తీగన్నా. ఏది పీకినా ఫిర్యాదు ఆగిపోతుంది. మా వృత్తిలో టెస్టు ఫెయిలవుతోందని ఆ టెస్టునే తీసేసేవాళ్ళు బోలెడుమంది, కాకపోతే అక్కడ పోయేది మహా అయితే సర్వరు.

దీనికి మందు చాలాకాలంగా ఉంది. తీగని లోహపు గొట్టంలో పెట్టి, మధ్యలో మెగ్నీషియం ఆక్సైడు పొడి దట్టించి మూసేస్తే నీళ్ళకి కరెంటు తగలదు. అది పెట్టిన షవర్లు డీఆర్‌తో గొడవ పడవు. ఖరీదు ఎక్కువ. మామూలు షువేరోలో తీగ తెగితే మూలమీద కొట్లో కొత్త తీగ కొనుక్కుని ఎవరికి వాళ్ళే మార్చుకుంటారు, ఇందులో అంత సులువు కాదు. పేదింటి వస్తువుగా పుట్టినదాన్ని సురక్షితం చేసినప్పుడల్లా అది కాస్త పేదింటికి దూరం జరుగుతుంది. నవ్వేవాళ్ళకి తట్టనిది ఇదేననుకుంటాను. ఆత్మహత్య అన్న మాటలో తప్పంతా స్నానం చేసేవాడిదే అన్నట్టుంది. ఎర్త్ లేని ఇల్లు కట్టినవాడు ఆ మాటలో ఎక్కడా కనపడడు.

ఈ లోపల దేశం మొత్తం మీద ఈ షవర్ ఇంకో లెక్క తేల్చింది. అందరూ పనుల నుంచి వచ్చి సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది లోపు స్నానం చేస్తారు. లక్షలాది ఇళ్ళు ఒకేసారి తలా అయిదు కిలోవాట్లు అడుగుతాయి. వేసవిలో గడియారం గంట ముందుకి జరిపే పద్ధతిని 1985 నుంచి ఏటా పాటించడానికి ఒక కారణం, వీధి దీపాలూ ఈ స్నానాలూ ఒకే గంటలో పడకుండా చూడటం. 2001లో వానలు లేక జలాశయాలు అడుగంటితే జూన్ నుంచి మరుసటి ఫిబ్రవరి దాకా ఇళ్ళు అయిదో వంతు కరెంటు తగ్గించుకోవాల్సొచ్చింది. అలాంటప్పుడు అందరి చూపూ పడేది షవర్ మీదే. స్విచ్చి వేసవి వైపు తిప్పితే దాని ఖర్చు మూడో వంతు దాకా తగ్గుతుంది. ఏసీలు పెరిగి గరిష్ఠ వాడకం మధ్యాహ్నానికి జరిగాక, 2019లో గడియారం జరపడం మానేశారు.

మనం నవ్వడానికి లేదు. కాగులో నీళ్ళు కాచుకున్న మన ఇళ్ళు గీజరుకి వెళ్ళే దారిలో హీటర్ రాడ్డు దగ్గర ఆగాయి, చాలా ఇళ్ళు ఇంకా అక్కడే ఉన్నాయి. బకెట్లో రాడ్డు వేసి, కాగాయా లేదా అని స్విచ్చి ఆపకుండా వేలు పెట్టి చూసే పద్ధతి ముందు షువేరో చాలా మర్యాదైన యంత్రం. మన రాడ్డులోనూ ఉన్నది ఆ మెగ్నీషియం ఆక్సైడు పొడే. పై గొట్టం చిల్లి పడి తేమ లోపలికి చేరితే కరెంటు నీళ్ళలోకి వస్తుంది. అప్పుడు అడ్డుపడాల్సినవి మూడో పిన్నూ, దాని వెనక గోడలో నిజంగా ఉన్న ఎర్తూ, మెయిన్ బోర్డులో ఆర్‌సీసీబీ. చాలా ఇళ్ళలో మూడో పిన్ను ఉంటుంది. సాకెట్లో దానికి రంధ్రమూ ఉంటుంది. రంధ్రం వెనక వైరు ఉందో లేదో చూసినవాళ్ళు తక్కువ. ఆర్‌సీసీబీ మీద చిన్న బొత్తాం ఉంటుంది, టీ అనే అక్షరం వేసి. అది నొక్కితే పరికరం తన లోపల తనే కాస్త లీకేజీ పుట్టించుకుని తెంచుకుంటుంది. నెలకోసారి నొక్కమంటారు. నొక్కినా పడకపోతే అది మార్చాలి. పదేపదే దానంతటదే పడుతుంటే ఇంట్లో సామాన్లన్నీ ప్లగ్గుల్లోంచి తీసేసి, ఒక్కొక్కటే పెట్టుకుంటూ రావాలి. ఏది పెట్టగానే పడిందో దాన్ని పక్కన పెట్టాలి. దీనికి అరగంట పడుతుంది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఆర్‌సీసీబీని బైపాస్ చేయించుకోవడానికి అయిదు నిమిషాలు చాలు.